మడి కట్టుకున్న ప్రణయం: రీజెన్సీ చారిత్రక నవలల్లో నిగ్రహం, దాని నైతికత

ఇంగ్లండు చరిత్రలో రీజెన్సీ అని వ్యవహరించే కాలం చాలా చిన్నది. మూడవ జార్జి రాజు మతిస్థిమితం కోల్పోవడంతో 1811 ఫిబ్రవరిలో ఆయన పెద్దకుమారుడు రాజప్రతినిధిగా అధికారం చేపట్టాడు. 1820 జనవరిలో రాజు మరణించి కుమారుడు నాలుగవ జార్జిగా సింహాసనమెక్కడంతో ఆ ప్రాతినిధ్యం ముగిసింది. తొమ్మిదేళ్లయినా నిండని ఈ వ్యవధిని ఆశ్రయించి గత శతాబ్దంలో వెలువడిన ప్రణయ నవలలకు లెక్కలేదు. ఈ శాఖకు బీజం జేన్ ఆస్టిన్ నవలల్లో ఉన్నా, ఆమె రాసినవి చారిత్రక నవలలు కావు. తన కాలపు కథలనే ఆమె రాసింది. వెనక్కి తిరిగి ఆ కాలాన్ని కథాస్థలంగా నిర్మించిన ఘనత జార్జెట్ హేయర్‌ది. 1935లో వచ్చిన ‘రీజెన్సీ బక్’ మొదలు 1972 నాటి ‘లేడీ ఆఫ్ క్వాలిటీ’ వరకు ఆమె వేసిన బాటలోనే తరువాతి రచయిత్రులు నడిచారు.

ఈ శాఖలో ‘క్లీన్’ అనే విశేషణంతో చలామణి అయ్యే నవలలు ఒక ప్రత్యేక ఉపశాఖ. నాయికానాయకుల మధ్య ముద్దుకు మించిన శారీరక వ్యవహారాన్ని కథనంలోకి రానివ్వకపోవడం వీటి నియమం. 2012లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీకి చెందిన షాడో మౌంటెన్ ప్రచురణ సంస్థ జూలియాన్ డొనాల్డ్‌సన్ రచన ‘ఎడెన్‌బ్రూక్’ను ‘ప్రాపర్ రొమాన్స్’ అనే ముద్రతో వెలువరించింది. కథ మొదలుకాకముందే, అట్టమీదనే, పాఠకురాలికి ఒక హామీ అందుతున్నదన్నమాట. ఆ హామీ దేనిని గురించినది, దానిలోని ఆకర్షణ ఎక్కడిది అన్నవి సాహిత్య ప్రశ్నలు. వీటి వెనుక ఒక నైతిక ప్రశ్న ఉంది. ఆనాటి స్త్రీకి నిర్బంధంగా ఉన్నదానిని ఈనాటి పాఠకురాలు సౌందర్యంగా ఆస్వాదించడం సమర్థనీయమేనా? ఈ నవలలను ఛాందసుల కాలక్షేపమని కొట్టిపారేసే విమర్శ గానీ, సంస్కారవంతమైన సాహిత్యమని నెత్తికెత్తుకునే ప్రశంస గానీ ఈ ప్రశ్న జోలికి పోలేదు.

శుభ్రం, శుచి, మడి

‘క్లీన్’ అన్న ఈ విశేషణానికి తెలుగులో దీటైన మాట వెతికితే మూడు పదాలు ఎదురవుతాయి. శుభ్రం కంటికి కనిపించేది. శుచి మనసుకూ కర్మకూ చెందినది. మూడోది మడి. మడి కట్టుకున్న మనిషి తక్కినవారికన్నా శుభ్రంగా ఉన్నదని అర్థం కాదు. ఆ కాసేపు ఎవరు తాకవచ్చు, ఎవరు తాకరాదు అనే కట్టుబాటు అమలులో ఉన్నదని అర్థం. అప్పుడే ఉతికి ఆరవేసిన చీర కూడా తాకరానివారు తాకితే మైలపడుతుంది. క్లీన్ రొమాన్స్ పాటించే నియమం శుభ్రానికన్నా, శుచికన్నా మడికే దగ్గరగా ఉంటుంది.

ఇందుకు హేయర్ 1958లో ప్రచురించిన ‘వెనీషియా’ మంచి నిదర్శనం. ఇందులోని నాయకుడు డామరెల్ పరువు పోగొట్టుకున్నవాడు, యౌవనంలో ఒక వివాహితను వెంటబెట్టుకొని దేశాలు పట్టినవాడు. తన తల్లి చనిపోయిందని నాయిక నమ్మినా, ఆ తల్లి నిజానికి భర్తను విడిచి మరొకరిని పెళ్లాడి బతికే ఉంది. ఆ సంగతే కథను మలుపు తిప్పుతుంది. ఇంత ‘మైల’ ఉన్న నవలను క్లీన్ నవలలు కోరే పాఠకులు నిస్సంకోచంగా చదువుతారు. కనుక నియమం కథావస్తువుకు సంబంధించినది కాదు. కథనం ఏ గడప దగ్గర ఆగిపోవాలన్నదానికి సంబంధించినది. ఈ నవలల్లో చేతితొడుగులకు, వాల్ట్జ్ నృత్యానికి, గుర్రపుబండి ఎక్కించేటప్పుడు అందించే చేతికి అంత ప్రాముఖ్యం దక్కడానికి కారణం కూడా ఇదే. ఆల్మాక్స్ నృత్యశాలలో పోషకురాండ్ర అనుమతి లేనిదే యువతి వాల్ట్జ్ చేయరాదన్న కట్టుబాటును హేయర్ ఎన్నో సన్నివేశాలకు ఆధారం చేసుకుంది. స్పర్శకు ఇంత లెక్క ఉన్న లోకంలో తొడుగు తీసిన చేయి ఒక సంఘటన అవుతుంది.

ఆ కాలమే అంత మడితో బతికిందా అంటే, లేదు. రాజప్రతినిధే 1785లో మరియా ఫిట్జ్‌హెర్బర్ట్‌ను రహస్యంగా పెళ్లాడి, 1795లో రాజ్యప్రయోజనం కోసం, అప్పులు తీర్చుకోవడం కోసం కరోలిన్‌ను బహిరంగంగా పెళ్లాడినవాడు. ఆస్టిన్‌కు ఆయన మీద సదభిప్రాయం లేకపోయినా ‘ఎమ్మా’ను ఆయనకు అంకితమీయక తప్పలేదు. అయితే ఆ కాలంలోనే వచనాన్ని శుభ్రపరిచే ఉద్యమం కూడా పుట్టింది. కుటుంబమంతా కూర్చుని వినదగినట్లుగా షేక్స్‌పియర్ నాటకాల నుంచి ‘అనుచితాల’ను తొలగించిన బౌడ్లర్ల సంపుటాలు మొదట 1807లో, విస్తృతరూపంలో 1818లో వెలువడ్డాయి. అంటే క్లీన్ నవల రీజెన్సీ జీవితానికి వారసురాలు కాదు, రీజెన్సీ కాలపు పరిష్కర్తల కత్తెరకు వారసురాలు.

తెలుగు సాహిత్య చరిత్ర తెలిసినవారికి ఆ కత్తెర కొత్తది కాదు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటించగా, ప్రభుత్వం దానిని అశ్లీలమని నిషేధించింది, 1946లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం వచ్చేవరకు ఆ నిషేధం తొలగలేదు. పురుష కవుల శృంగారానికి వర్తించని కొలత ముద్దుపళనికి మాత్రం ఎందుకు వర్తించాలని నాగరత్నమ్మ వీరేశలింగాన్ని ఉద్దేశించి వేసిన ప్రశ్నకు నేటికీ సరైన జవాబు లేదు. శుభ్రత పేరిట ఒక పుస్తకాన్ని పైకెత్తితే మరొక పుస్తకం మైలది అవుతుంది. క్లీన్ అనే ముద్రను అంగీకరించేవారు ఈ రెండో సగాన్ని గురించి సాధారణంగా ఆలోచించరు.

నిగ్రహం ఎందుకు రుచిస్తుంది

రసభంగానికి అనౌచిత్యమే కారణమన్నాడు ఆనందవర్ధనుడు. క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా నిలిపాడు. ఈ ఔచిత్యాన్ని మర్యాదగా పొరబడి, శృంగారం తక్కువగా ఉన్న రచనను ఔచిత్యం గలదిగా చెప్పే అలవాటు మన విమర్శలో ఉంది. అది సరికాదు. ఔచిత్యం పరిమాణానికి చెందినది కాదు, సంబంధానికి చెందినది. ఏ పాత్ర, ఏ స్థితిలో, ఏ చేష్ట చేస్తే ఎంత అర్థం పలుకుతుందన్నది దాని విచారణ.

ఈ దృష్టితో ఆస్టిన్ చివరి నవల ‘పర్స్యుయేషన్’ను చూడవచ్చు. ఆన్ ఇలియట్, కెప్టెన్ వెంట్‌వర్త్ ఒకప్పుడు ప్రేమించుకున్నవారు. పెద్దల హితవు విని ఆమె ఆ సంబంధాన్ని తెంచుకుంది. ఎనిమిదేళ్ల తరువాత ఇద్దరూ ఒకే బంధుమిత్ర వర్గంలో, పరాయివారిలా మసలవలసి వస్తుంది. జబ్బుపడిన పిల్లవాడి దగ్గర ఆన్ మోకాళ్ల మీద కూర్చుని ఉండగా, చిన్నవాడు వచ్చి ఆమె వీపునెక్కి దిగనని మారాం చేస్తాడు. వెనుకనుంచి ఎవరో వాడిని ఎత్తి తీసేస్తారు. ఎవరో ఆమె చూడలేదు. ఆ వచ్చినది వెంట్‌వర్త్ అని గ్రహించినప్పుడు ఆమెకు కృతజ్ఞత చెప్పడానికి నోరు పెగలదు. అతడేమో ఆ మాట వినకుండా ఉండాలన్నట్లు పిల్లవాడితో అల్లరి చేస్తుంటాడు. తరువాతి అధ్యాయంలో నడిచి అలసిన ఆమెను అతడు ఏమీ మాట్లాడకుండా బండి ఎక్కిస్తాడు. ఈ రెండు చోట్లా జరిగినది సాయం, అంతే. కానీ ఆన్‌కు అందిన అర్థం సాయం కాదు. అతడు తనను క్షమించలేదు, అయినా తన అలసటను చూడలేకపోయాడు అన్న రెండు పరస్పర విరుద్ధ సత్యాలు ఒక్క చేష్టలో ఆమెకు తెలిశాయి. ఇది ధ్వని. ఈ సన్నివేశంలో వారిద్దరూ స్వేచ్ఛగా మాట్లాడుకోగలిగి ఉంటే ఆ చేష్టకు ఇంత బరువు ఉండేది కాదు.

క్లీన్ నవలల ఆకర్షణలో ఉత్తమమైన అంశం ఇదే. మాటకూ చేష్టకూ పర్యవసానం ఉన్న లోకం అది. ఉత్తరం రాస్తే ఒక అర్థం, వరుసగా రెండు నృత్యాలు కలిసి చేస్తే మరొక అర్థం. ఏది చేసినా దేనికీ ప్రత్యేకార్థం లేని కాలంలో జీవిస్తున్నామన్న అసంతృప్తి గల పాఠకురాలికి అటువంటి లోకం విశ్రాంతినిస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చెప్పకుండా వదిలిన ప్రతిదీ ధ్వని కాదు. చెప్పదగినదేదో ఉండి, దానిని చెప్పకపోవడంలోనే ధ్వని ఉంటుంది. ఈ ఉపశాఖలో లెక్కకు మిక్కిలిగా వస్తున్న నవలల్లో చాలావాటికి తొడుగు తీసిన చేయి ఒక అలంకారం మాత్రమే. గుండెదడల సంఖ్య పెరుగుతుంది గాని ఆ దడ వెనుక మనుషులు ఉండరు.

ఎవరి నిగ్రహం?

ఆ పర్యవసానాల వెల చెల్లించినది ఎవరు? ఆనాటి ఇంగ్లీషు న్యాయసూత్రం ప్రకారం పెళ్లితో స్త్రీ వ్యక్తిత్వం భర్త వ్యక్తిత్వంలో లీనమైపోతుంది. ఆస్తి, సంపాదన, చివరకు పిల్లల మీద అధికారం కూడా భర్తవే. వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు 1870లో, 1882లో గాని రాలేదు. 1857 వరకు విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే పార్లమెంటులో ప్రత్యేక చట్టం చేయించుకోవలసి ఉండేది. అది ధనవంతులైన పురుషులకు దక్కిన వెసులుబాటు. ఇటువంటి వ్యవస్థలో పెళ్లికాని యువతికి ఉన్న ఏకైక మూలధనం పేరు. అది పోతే ఆమెతోపాటు అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లు కూడా పోతాయి. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో లిడియా లేచిపోయినప్పుడు బెన్నెట్ కుటుంబం గడగడలాడినది నీతి తప్పిందని మాత్రమే కాదు, మిగిలిన నలుగురి గతి ఏమిటని.

అదే అపరాధంలో పురుషుడు చెల్లించినది ఎంతో ఆస్టిన్ దాచలేదు. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’లో ఎలైజాను గర్భవతిని చేసి వదిలిన విలోబీ ధనవంతురాలిని పెళ్లాడి గుర్రాలతో, వేటతో హాయిగానే బతికాడని ఆమె చెబుతుంది, ఎలైజాకు మాత్రం నవలలో ఒక్క సంభాషణ కూడా లేదు. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో భర్తను విడిచి వెళ్లిన మరియా శాశ్వతంగా ఇంటికి దూరమవుతుంది. ఆమెను తీసుకుపోయిన హెన్రీ క్రాఫర్డ్‌కు లోకం వేసిన శిక్ష అంతటిది కాదని కథకురాలే వ్యాఖ్యానిస్తుంది.

ఇక్కడే నిగ్రహమనే ఒక్క మాటలో రెండు భిన్న విషయాలు కలిసిపోయి ఉన్నాయని తెలుస్తుంది. నాయిక నిగ్రహం వెనుక శిక్షాభయం ఉంది. ఆమె శీలవతి కావచ్చు, జాగ్రత్తపరురాలు కావచ్చు; ఏది ఎంతో విడదీయడం అసాధ్యం. శిక్ష తప్పని చోట నిగ్రహాన్ని సద్గుణంగా నిరూపించలేము. నాయకుని స్థితి వేరు. నిగ్రహం తప్పినా అతనికి పోయేది ఏమీ లేదు. చట్టం పట్టించుకోదు, క్లబ్బులో మిత్రులు నవ్వి ఊరుకుంటారు. అటువంటివాడు ఆమెకు మాత్రమే ఉన్న కట్టుబాటును తనకు కూడా ఉన్నట్లు స్వచ్ఛందంగా తలకెత్తుకుంటే, ఆ నిగ్రహం నైతిక చర్య అవుతుంది. క్లీన్ రీజెన్సీ నవలల ఆకర్షణ స్త్రీ శీలంలో ఉన్నదన్నది సమర్థకులూ విమర్శకులూ కూడా చేసిన పొరపాటు. ఆ ఆకర్షణ పురుషుని నిగ్రహంలో ఉంది. తీసుకోగలిగి ఉండీ తీసుకోకుండా, అడిగి, కాదంటే విని, ఎదురుచూసే మనిషి ఆ నవలల అసలు కల్పన. డార్సీ మొదటి ప్రతిపాదనను ఎలిజబెత్ తిరస్కరించిన సన్నివేశం రెండువందల ఏళ్లుగా చదివించుకుంటున్నదంటే అతని ప్రేమ వల్ల కాదు. ఆ తిరస్కారాన్ని అతడు విన్నాడు, విని మారాడు.

దీనికి వ్యతిరేక నిదర్శనాలు ఈ శాఖలోనే ఉన్నాయి. 1972లో కాథ్లీన్ వుడివిస్ ‘ద ఫ్లేమ్ అండ్ ద ఫ్లవర్’ వెలువడినప్పుడు చారిత్రక ప్రణయ నవల పడకగది తలుపు తెరిచింది. ఆ తలుపు తెరుచుకున్నది నాయకుడు నాయిక మీద చేసిన బలాత్కారంతో. తలుపు మూసి ఉంచిన నవలలను కోరేవారిలో కొందరు తిరస్కరించినది శృంగారాన్ని కాదు, ఆ హింసను అనడం న్యాయం. కానీ మూసిన తలుపు హామీ కాదు. ఈ ఉపశాఖకు మూలమనదగిన ‘రీజెన్సీ బక్’లోనే కాబోయే నాయకుడు ముక్కూ మొహం తెలియని నాయికను బండిలోకి ఎత్తి కూర్చోబెట్టి, ఆమెకు ఇష్టం లేకుండానే ముద్దు పెట్టుకుంటాడు, తరువాత అతడే ఆమె సంరక్షకుడని తేలుతుంది. కథనం ముద్దు దగ్గర ఆగింది గనుక ఈ నవల నియమం ప్రకారం క్లీన్. అనుమతిని కొలమానంగా తీసుకుంటే కాదు. ఈనాటి రచనల్లో తలుపు తెరిచి ఉంచుతూనే ప్రతి అడుగులోనూ ఆమె మాటకు విలువనిచ్చేవి ఉన్నాయి. క్లీన్ అనే ముద్ర ఈ తేడాను చెప్పలేదు. ఏది కనిపిస్తుందో చెప్పగలదు గాని, ఏది జరుగుతుందో చెప్పలేదు.

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ఇక్కడ పోలికకు వస్తుంది. జయంతి, రాజశేఖరాల కథ సమకాలీన నగరంలోనిది. ఆల్మాక్స్ లేదు, పోషకురాండ్రు లేరు. అయినా ధనికుడైన నాయకుడు దక్కినట్లే దక్కి అందకపోవడం, నాయిక ఆత్మాభిమానంతో దూరం జరగడం అనే చట్రం ఒకటే. తెలుగు పాఠకురాండ్రు దానిని ఆదరించినది కూడా తొందరపడని మగవాడి కోసమే కావచ్చు.

పురుషుని నిగ్రహంలో ఆకర్షణ ఉన్నదని ఒప్పుకున్నంత మాత్రాన ఈ నవలలకు నైతిక విముక్తి లభించదు. దానివల్లనే ఒక పెద్ద చిక్కు వస్తుంది. స్త్రీ భద్రత ఒక మంచి మగవాడి దయ మీద ఆధారపడితే అది హక్కు కాకుండా దానమవుతుంది. లిడియా పరువును నిలబెట్టినది డార్సీ డబ్బు. విక్హమ్ అప్పులు తీర్చి, సైన్యంలో ఉద్యోగం కొని, అతడు ఆమెను పెళ్లాడేటట్లు చేశాడు. కథ సుఖాంతమైంది. పదహారేళ్ల లిడియా మాత్రం జీవితాంతం విక్హమ్‌తో గడపాలి. ఎలిజబెత్ స్నేహితురాలు షార్లెట్ లూకస్‌కు ఏ డార్సీ రాలేదు. ఇరవయ్యేడేళ్ల వయసులో ఆమె కాలిన్స్‌ను కళ్లు తెరిచే ఒప్పుకుంది. ఆస్టిన్ ఈ ఇద్దరినీ కథలో ఉంచింది. తరువాతి క్లీన్ నవలల్లో చాలాచోట్ల షార్లెట్‌లు కనిపించరు. అందరికీ ఒక్కొక్క ప్రభువు దొరుకుతాడు. దానితో న్యాయం లేని వ్యవస్థ కూడా మంచి మగవాళ్లుంటే చాలు అన్నట్లుగా కనిపిస్తుంది. ఇది పడకగది దృశ్యం చేయగల హానికన్నా సూక్ష్మమైనది, బహుశా ఎక్కువది.

ఉతికిపారేసినవి

శుభ్రపరచడం శృంగారంతో ఆగలేదు. 1812లో యంత్రాలు పగలగొట్టిన మగ్గం పనివారికి మరణశిక్ష విధించే చట్టం వచ్చింది. 1819 ఆగస్టులో మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ మైదానంలో ఓటుహక్కు అడిగిన జనం మీదికి గుర్రపుదళాన్ని తోలారు. బానిస వ్యాపారం 1807లో నిషేధమైనా బానిసత్వం 1833 చట్టం వరకు సాగింది. ఈ నవలల్లోని నృత్యశాలలకు వీటి చప్పుడు వినబడదు. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో ఫానీ బానిస వ్యాపారం గురించి అడిగితే ఇల్లంతా మౌనం వహించిన సందర్భం మీద ఎడ్వర్డ్ సయీద్ 1993లో చేసిన చర్చ ప్రసిద్ధం. ఆస్టిన్ మౌనాన్ని మౌనంగా చూపింది; తరువాతివారిలో ఆ ప్రశ్నే లేదు. 2020లో తెరకెక్కిన ‘బ్రిడ్జర్‌టన్’ పడకగది తలుపులన్నీ తెరిచి, నల్లజాతివారిని ప్రభువులను చేసింది గాని బానిసత్వాన్ని దాదాపు ప్రస్తావించలేదు. ఆ లెక్కన అది కూడా ఒక రకం క్లీన్ కథే. హేయర్‌ది దీనికి విరుద్ధమైన దోషం: 1950 నాటి ‘ద గ్రాండ్ సోఫీ’లో యూదు వడ్డీవ్యాపారి చిత్రణ ఎటువంటి సంకోచమూ లేని జాతిద్వేషం. ఆ పుస్తకం కూడా క్లీన్ జాబితాల్లో ఉండదగినదే.

నాయికలు కట్టిన మస్లిన్ గుడ్డల సంగతి కూడా అంతే. ‘నార్తాంగర్ ఆబీ’లో హెన్రీ టిల్నీ అసలైన భారతీయ మస్లిన్‌ను చవకగా కొన్నానని గొప్ప చెప్పుకుంటాడు. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’లో కర్నల్ బ్రాండన్ కంపెనీ దేశంలో కొలువు చేసి వచ్చినవాడు. ఆస్టిన్ మరణించిన 1817లోనే సి.పి. బ్రౌన్ కంపెనీ ఉద్యోగిగా మద్రాసులో దిగాడు. ఉత్తర సర్కారులు అప్పటికే కంపెనీ చేతిలో ఉన్నాయి. ప్రభువుల ఆదాయం ఎక్కడినుంచి వస్తున్నదో అడగని ప్రణయగాథను తెలుగు పాఠకులు చదివేటప్పుడు ఆ ప్రశ్న వారి పక్కనే కూర్చుని ఉంటుంది.

నిగ్రహపు వెలను దాచకుండానే గడప దాటని కథ సాధ్యమేనా అన్నదానికి హేయర్ 1961 నాటి ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ ఒక జవాబు. తండ్రి మిగిల్చిన అప్పుల్లో మునిగిన ఆడమ్ డెవరిల్ తాను ప్రేమించిన జూలియాను వదులుకుని, సంపన్న వర్తకుడు చావ్లీ కూతురు జెన్నీని పెళ్లాడతాడు. జెన్నీ అందగత్తె కాదు, తెలివిగలది, చాలాకాలంగా ఆడమ్‌ను ప్రేమిస్తున్నది. అతడు తనను ప్రేమించడం లేదని కూడా ఆమెకు తెలుసు. పెళ్లి ఒక బేరమని పాత్రలందరికీ తెలుసు, పైకి అనరు. వారి దాంపత్యం గురించి ఒక్క దృశ్యం లేకుండానే బిడ్డ పుడతాడు. ఇల్లు నడపడంలో, భోజనం అమర్చడంలో, మామగారి ఆర్భాటం నుంచి భర్త ఆత్మగౌరవాన్ని కాపాడడంలో జెన్నీ చూపిన నేర్పే నవలలోని ప్రణయం. వాటర్లూ యుద్ధం వేళ ఆడమ్ కొన్న పత్రాలతో అతనికి స్వాతంత్ర్యం వస్తుంది. కావాలంటే మామగారి రుణం తీర్చేయగలడు. జూలియా అప్పటికి మరొకరి భార్య. రీజెన్సీ ప్రణయం కోరి వచ్చిన పాఠకురాలికి ఈ నవల నిరాశ కలిగించవచ్చు, ఎందుకంటే ఆడమ్ జెన్నీని జూలియాను ప్రేమించినట్లు ఎన్నటికీ ప్రేమించడు. ఆమె ఆ సంగతి అడిగి తెలుసుకోదు. అతడు అబద్ధం చెప్పడు. ఇద్దరూ ఇంటిపనుల గురించి మాట్లాడుకుంటారు.